స్తంభానికి అంటించిన కాగితం: మా సరిహద్దు ఊళ్ళలో వార్డు మాట ఎవరిది?

కిందటి వానాకాలంలో మా సందు మూల కరెంటు స్తంభానికి ఎవరో ఒక కాగితం అంటించారు. వానకి తడిసి, సగం ఊడి వేలాడుతోంది. ఎదురింటి పిన్ని ముగ్గు వేస్తూ వేస్తూ ఆగి "ఏటి బాబూ అందులో రాసింది?" అని అడిగితే, కళ్ళజోడు తెచ్చుకుని కూడబలుక్కుని చదివాను. నేను చదివింది తెలుగు బడిలో. ఒడియా నోటికి వచ్చినంత చక్కగా కంటికి రాదు. వార్డులో మీటింగ్ అట, ఏ రోడ్డు, ఏ కాలువ ముందు బాగుచేయాలో జనమే వచ్చి చెప్పాలట. తేదీ చూస్తే నాలుగు రోజుల కిందటే అయిపోయింది. "అయితే మనల్ని అడిగినట్టే" అని నవ్వి పిన్ని మళ్ళీ ముగ్గులో పడింది.

మా ఊరి పేరు చెప్పను, ఒడిశా గంజాం జిల్లాలో తెలుగు వినిపించే ఏదో ఒక పట్టణం అనుకోండి, ఎందుకంటే ఇది ఒక్క ఊరి గొడవ కాదు. అసలు మన వీధి సంగతి మనల్ని అడగాలన్న రూలు ఎప్పుడొచ్చింది, వచ్చింది కదా అని ఎందుకు కనపడదు, ఇప్పుడు నిజంగా ఎక్కడెక్కడ చొరబడే సందు ఉంది అనేది తవ్వుకుంటూ పోతే కథ నూటయాభై ఏళ్ళు దాటింది.

మా జిల్లాలో పెద్ద ఊరు బరంపురం మున్సిపాలిటీ అయింది 1867లో. అప్పుడు మనమంతా మద్రాసు ప్రెసిడెన్సీ. 1865లో మద్రాసు ప్రభుత్వం పట్టణాల బాగు కోసమని ఒక చట్టం తెచ్చింది, దాని కింద పుట్టిన మున్సిపాలిటీల్లో ఇదొకటి. చట్టం ఉద్దేశం వీధులూ పారిశుధ్యమే గానీ, అందులో కూర్చునేవాళ్ళని వీధి జనం ఎన్నుకోలేదు, సర్కారు వేసింది. పన్ను మనది, కుర్చీ వాళ్ళది. 1882లో వైస్రాయ్ రిపన్ ప్రభువు స్థానిక పాలన మీద తీర్మానం చేశాక, 1884 మద్రాసు చట్టంతో ఎన్నికైన సభ్యులకు చోటు పెరిగింది. అప్పుడు కూడా ఓటు పన్ను కట్టేవాళ్ళకే. అంటే మగ్గం మీద కూర్చున్నవాడు, పాకలో ఉన్నవాడు లెక్కలో లేడు.

అలాగని ఆ రోజుల్లో వీధికి పెద్ద లేడా అంటే, ఉన్నాడు, గట్టిగా ఉన్నాడు. బరంపురం పట్టుచీర నేసే దేరా వాళ్ళు మన తెలుగువాళ్ళే, మహురి రాజు పిలిస్తే వచ్చి స్థిరపడ్డామని వాళ్ళ పెద్దలు చెప్తారు. వాళ్ళ కులపెద్దని దేశిబెహరా అంటారు. రెండేళ్ళకోసారి చైత్రంలో బుఢీ ఠాకురాణి అమ్మవారు గుడి విడిచి పుట్టింటికొస్తుంది, ఆ పుట్టిల్లు దేశిబెహరా వీధి. దాదాపు నెల రోజులు ఊరంతా జాతరే. వీధివీధికీ రథాలు కట్టి, పురాణం బొమ్మలు నిలబెడతారు. ఆ చందా ఎవరు వసూలు చేస్తారు, లెక్క ఎవరు చెప్తారు, ఊరేగింపు పోయే దారిలో గుంతలెవరు పూడుస్తారు అని అడిగి చూడండి, ప్రతిదానికీ ఒక మనిషి పేరు ఠక్కున చెప్తారు. అదే వీధిలో నిలబడి ఈ కాలువకి ఎంత మంజూరైంది అని అడగండి, ఒక్కరికీ తెలీదు. నాకు కూడా తెలీదు, ఒప్పుకుంటాను. జాతర డబ్బు మనదనిపిస్తుంది, మున్సిపాలిటీ డబ్బు ఎవరిదో అనిపిస్తుంది. ఇంటి మీద హోల్డింగ్ టాక్స్ కట్టేది మాత్రం మనమే. నా దృష్టిలో అసలు కథంతా ఇక్కడే ఉంది. కలిసి పనిచేయడం మనకు చేతకాక కాదు, ఆ నేర్పుని ఆఫీసు మెట్లు ఎక్కించే దారి దొరకలేదు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైంది, గంజాంలో ఎక్కువ భాగం ఒడిశాలోకి వచ్చింది, ఇచ్ఛాపురం వైపు మద్రాసులోనే ఉండిపోయింది. వియ్యంకులు రెండు రాష్ట్రాలవాళ్ళయ్యారు, అంతే, పెళ్ళిళ్ళేమీ ఆగలేదు. కానీ ఆఫీసు భాష మారింది. తర్వాత తర్వాత తెలుగు బళ్ళు కూడా పలచబడుతూ వచ్చాయి. మాట్లాడ్డానికి ఇబ్బంది లేదు, బజార్లో మేం మూడు మాటలకి ఒకటి ఒడియాలోనే అంటాం. ఇబ్బందంతా నోటీసు దగ్గరా, ఎస్టిమేట్ దగ్గరా, సంతకం పెట్టే దగ్గరా.

స్వాతంత్ర్యం వచ్చాక అందరికీ ఓటొచ్చింది, 1950లో ఒడిశా మున్సిపల్ చట్టం వచ్చింది. వీధి జనం పని మాత్రం ఓటు వేయడంతో అయిపోయేది, మళ్ళీ ఎన్నికల దాకా కౌన్సిలర్ ఇంటి ముందు నిలబడ్డమే. ఆ ఎన్నికలైనా వేళకి జరిగే గ్యారంటీ లేదు. ఇది ఒక్క ఒడిశా జబ్బు కాదు, దేశమంతా అంతే. అందుకే 74వ రాజ్యాంగ సవరణ తెచ్చారు. పాసైంది 1992లో, అమల్లోకి వచ్చింది 1993 జూన్ 1న. అయిదేళ్ళకోసారి ఎన్నిక జరగాల్సిందే అన్నారు, మున్సిపాలిటీలకు ఇవ్వదగ్గ 18 రకాల పనులు పన్నెండో షెడ్యూల్లో రాశారు, 243ఎస్ అధికరణం కింద వార్డు కమిటీలు పెట్టాలన్నారు.

ఇక్కడే చిన్న మెలిక. వార్డు కమిటీ తప్పనిసరి అన్నది 3 లక్షలు, ఆపైన జనాభా ఉన్న పట్టణాలకే. 1991 లెక్కల్లో బరంపురం 2 లక్షల పైచిలుకు. అంటే సవరణ వచ్చినప్పుడు మన జిల్లాలో అన్నిటికన్నా పెద్ద ఊరికే ఆ రూలు అందలేదు. 2001కి 3 లక్షలు దాటింది, 2008లో కార్పొరేషన్ అయింది, 2011కి మూడున్నర లక్షలు దాటింది. ఇక మాలాంటి చిన్న ఊళ్ళ మాట చెప్పక్కర్లేదు, ఎప్పటికీ ఆ గీత దాటవు. ఇంకో మెలిక కూడా ఉంది, చాలామంది గమనించరు. "ఒకటి లేదా అంతకన్నా ఎక్కువ వార్డులకు" ఒక కమిటీ అని రాశారు. పది వార్డులు కలిపి ఒక్క కమిటీ వేసినా చట్టం తప్పినట్టు కాదు. ఒక్క వార్డుకే కమిటీ వేస్తే దానికి అధ్యక్షుడు ఆ వార్డు కార్పొరేటరే. లోపల జనం ఎంతమంది, వాళ్ళని ఎవరు ఏరుతారు అన్నది రాష్ట్రాల ఇష్టం. పేరుకి జనం కమిటీ, తాళంచెవి మాత్రం జనం చేతిలో లేదు.

2005 డిసెంబరులో నగరాల బాగుకని కేంద్రం పథకం జేఎన్ఎన్‌యూఆర్‌ఎం వచ్చింది. కేంద్రం డబ్బు కావాలంటే జనం పాల్గొనే చట్టం చేయండి అని షరతు పెట్టింది, నమూనాగా నగర రాజ్ బిల్లు ఇచ్చింది. అందులో నాకు బాగా నచ్చింది ఏరియా సభ. పల్లెలో గ్రామసభ ఉన్నట్టు, పట్నంలో ఒక పోలింగ్ బూత్ పరిధిలో ఓటున్న ప్రతి మనిషీ సభ్యుడే. నలుగురిని ఏరడం లేదు, పెద్దమనుషుల జాబితా లేదు. ఇంతకన్నా సులువైన ఆలోచన ఏముంటుంది? కానీ డబ్బు కోసం చేసిన చట్టాలు డబ్బు వచ్చేదాకానే గుర్తుంటాయి, దేశంలో చాలాచోట్ల అది కాగితమ్మీదే మిగిలింది.

బయట కొన్నిచోట్ల మాత్రం చట్టం కోసం కూర్చోకుండా కదిలారు. ముంబైలో 1997 నుంచి వీధి స్థాయి సంఘాలు చెత్త పని మీద కార్పొరేషన్‌తో కూర్చుని మాట్లాడుకుంటున్నాయి. మద్రాసు పక్క ఆలందూరులో అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ కోసం ఇంటికి 5,000 రూపాయలు డిపాజిట్‌గా జనమే ముందు కట్టారు. సరిహద్దు అవతల మన ఇచ్ఛాపురం చుట్టాలకి 1997 జనవరిలో మొదలైన జన్మభూమి గుర్తుంటుంది, శ్రమదానం, గడ్డపారలు, ఫొటోలు. మా మావయ్య ఇప్పటికీ "ఆ రోడ్డు నేనేశాను" అంటాడు, వేసింది రెండు తట్టల మట్టే.

వెక్కిరింపు పక్కన పెడితే, మా వైపు జనం చేత్తో చేసిన పెద్ద పని 2013 అక్టోబరు 12 తర్వాత చూశాను. ఆ రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. గాలి గంటకి 200 కిలోమీటర్ల పైమాటే. తెల్లారి తలుపు తీస్తే వీధి లేదు, చెట్లే ఉన్నాయి. కరెంటు లేదు, ఫోను లేదు. అధికారులు వచ్చేలోపే ఎవరింట్లో గొడ్డలి ఉంటే వాళ్ళు, రంపం ఉంటే వాళ్ళు దిగారు. ముందు మంచినీళ్ళ ట్యాంకరు వచ్చే దారి తెరవాలని పిన్ని వాళ్ళే తేల్చారు. ఎవరూ మీటింగ్ పెట్టలేదు, మినిట్స్ రాయలేదు. ఏ పని ముందో వీధికి తెలిసినంతగా ఆఫీసుకి తెలీదని ఆ మూడు రోజుల్లో అర్థమైంది. నాలుగో రోజుకి ఎవరి పనుల్లో వాళ్ళు పడిపోయాం, అది వేరే సంగతి.

తర్వాత అసలు తలుపు తెరుచుకున్నది మేమెవరం అనుకోని చోట. 2017లో ఒడిశా ప్రభుత్వం బస్తీల్లో ఉండేవాళ్ళకి నేల మీద హక్కు ఇచ్చే చట్టం చేసింది. ముందు మున్సిపాలిటీలకు, వాటికన్నా చిన్న పట్టణాలైన నోటిఫైడ్ ఏరియాలకు మాత్రమే, కార్పొరేషన్లు బయట. మున్సిపాలిటీలో 45 చదరపు మీటర్ల దాకా, నోటిఫైడ్ ఏరియాలో 60 దాకా. 2018లో జగా మిషన్ పేరుతో పని మొదలైంది, డ్రోన్లతో బస్తీలు కొలిచే సర్వే మొదట జరిగింది గంజాం, పూరీ జిల్లాల్లోనే. గోపాల్‌పూర్ ఒడ్డున మన తెలుగు జాలర్ల పేటలున్నాయి కదా, నోళియాలంటారు వాళ్ళని. తాతల నాటి నుంచి అక్కడే ఉన్నా కాగితం లేని జనం అలాంటి పేటల్లోనే ఎక్కువ. ఈ చట్టంతో పట్టా వచ్చింది సరే, నేను చూసేది దాని వెనక వచ్చిన సంగతి. బస్తీకో బస్తీవాసుల సంఘం పెట్టారు. కొలతలప్పుడు ఏ గుడిసె ఎవరిది, దారి ఎక్కడ వదలాలి అని వాళ్ళనే పక్కన నిలబెట్టుకున్నారు. తర్వాత ఈ మిషన్‌కి వరల్డ్ హాబిటాట్ అవార్డు కూడా వచ్చింది.

2020 ఏప్రిల్లో కరోనా లాక్‌డౌన్. సూరత్‌లో మా జిల్లా జనం వేలకు వేలు ఇళ్ళకు తిరిగి రావాలని తల్లడిల్లుతున్న రోజులు. అప్పుడు పట్టణాల్లో కూలి పని కల్పించాలని 100 కోట్లతో ఒక పథకం పెట్టారు, 114 పట్టణాల్లో. తర్వాత దానికి ముక్తా అని పేరొచ్చింది. అందులో కొత్త సంగతేంటంటే కాంట్రాక్టర్ లేడు. కాలువ పూడిక తీయడం, చిన్న డ్రైన్ కట్టడం, పేవర్ బ్లాకులు వేయడం, వాన నీళ్ళు ఇంకే గుంతలు తవ్వడం లాంటి పనులు మహిళా సంఘాలకి, బస్తీ సంఘాలకి నేరుగా ఇచ్చారు, కూలి సొమ్ము బ్యాంకు ఖాతాలోకే.

దీన్ని దగ్గర్నుంచి చూశాను. మా పక్క బస్తీలో చీరకొంగు బొడ్లో దోపుకుని ఇద్దరాడవాళ్ళు టేపు చెరో కొస పట్టుకుని డ్రైన్ పొడవు కొలుస్తున్నారు, మూడో ఆవిడ సుద్దముక్కతో గోడ మీద గీతలు పెడుతోంది, ఇంజినీరు కుర్రాడు పక్కన గొడుగు పట్టుకు నిలబడ్డాడు. అంతకుముందు మా సందులో పూడిక తీసినప్పుడు ఆ మురికంతా కాలువ గట్టునే పోసి పోయారు, మొదటి వానకి మళ్ళీ లోపలికే. వీళ్ళు అలా వదల్లేదు, బండి వచ్చేదాకా ఆ కుర్రాణ్ణి కదలనివ్వలేదు, ఎందుకంటే ఆ గట్టు మీదే వాళ్ళ పిల్లలు ఆడుకుంటారు. ఇల్లూ వాకిలీ ఉన్న మేం కౌన్సిలర్‌కి ఫోన్ చేసి "కాస్త చూడండి సార్" అంటాం. పాకల్లో ఉన్నవాళ్ళు టేపు పట్టారు. చెప్పుకోడానికి కాస్త సిగ్గుగానే ఉంది.

2024లో ప్రభుత్వం మారింది, పథకాల పేర్లు కూడా మారుతున్నాయి. పేరు మారితే మారనివ్వండి, పని సంఘానికే ఇస్తున్నారా, మళ్ళీ టెండర్‌కి పోయిందా అన్నది చూసుకోవాలి. ఎన్నికల సంగతీ అంతే. రాజ్యాంగం అయిదేళ్ళన్నా, 2013లో ఎన్నికైన బరంపురం కౌన్సిల్ గడువు 2018లో తీరితే మళ్ళీ పోలింగ్ 2022 మార్చిలో. మూడేళ్ళ పైన కార్పొరేటరే లేడు. ఆ మధ్యకాలంలో నడిచింది అధికారుల పాలనా, ఈ ఆడవాళ్ళ సంఘాలూ.

ఇక మళ్ళీ భాష దగ్గరికి. 1956లో ఏడో సవరణతో రాజ్యాంగంలో 350బి అధికరణం చేరింది, భాషా మైనారిటీల కోసం ఒక ప్రత్యేకాధికారి ఉండాలని, ఆయన్నే కమిషనర్ అంటారు. కేంద్రం, రాష్ట్రాలు ఒప్పుకున్న రక్షణల్లో ఒకటేంటంటే, జిల్లాలో గానీ అంతకన్నా కింది స్థాయిలో గానీ ఒక భాష వాళ్ళు 15 శాతం ఉంటే ముఖ్యమైన రూల్స్, నోటీసులు ఆ భాషలో కూడా వేయాలి. మన పెద్దలు తెలుగు బడి కోసం కొట్లాడారు, తెలుగు నోటీసు కోసం ఎవరూ అడిగినట్టు నేను వినలేదు. అడగడానికి కావాల్సింది జనాభా లెక్కల కాగితం, ఒక అర్జీ. వార్డు పనుల ఎస్టిమేట్ కావాలంటే సమాచార హక్కు కింద 10 రూపాయలతో అడగొచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఒడిశాలో దానికి ఫారం ఎ అని ఉంటుంది, తెల్లకాగితం మీద రాసి తీసుకెళ్తే తిప్పి పంపుతారేమో, ముందే ఆ ఫారం నింపుకెళ్ళండి.

మా సందులో అంత దూరం ఇంకా పోలేదు. పిన్ని మనవరాలు ఒడియా మీడియంలో తొమ్మిదో తరగతి. స్తంభం మీద కాగితం కనపడితే చదివి, తెలుగులో వాయిస్ మెసేజ్ పెట్టమని ఆ పిల్లకి చెప్పాం. జాతర చందా కోసం పెట్టుకున్న వాట్సాప్ గ్రూపే, పేరు కూడా మార్చలేదు. మొన్నటి మీటింగ్‌కి ఇరవైమంది దాకా వెళ్ళాం, అందులో ఆడవాళ్ళే ఎక్కువ. మా కాలువని లిస్టులో రెండోది రాశారు. మొదటిది కింది వీధి కుళాయి, వాళ్ళు మాకన్నా ముందే వెళ్ళి కూర్చున్నారు.