సీసాకి చేపు అక్కర్లేదు

పాలకొల్లు దగ్గరి పల్లె నుంచి ఒక అమ్మమ్మగారు ఫోన్ చేశారు. మనవడు నెలలు నిండకుండా పుట్టాడు. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో అద్దాలపెట్టెలో ఉంచి, పాలు సీసాతో పట్టారు. ఇప్పుడు ఇంటికొచ్చాడు గానీ, రొమ్ముకి పెడితే రెండుసార్లు చప్పరించి, వెనక్కి విరుచుకుపడి ఏడుస్తున్నాడట. "మా అమ్మాయికి పాలు పడలేదేమోనండీ. లేకపోతే వీడికి నచ్చట్లేదా?"

"మీకు పాడి ఉందాండీ?" అనడిగాను.

"రెండు గేదెలున్నాయండి, ఆయ్."

అయితే సగం సమాధానం మీ గొడ్లసావిడిలోనే ఉందన్నాను.

చెంబు పట్టుకుని కూర్చోగానే గేదె పాలివ్వదు. ముందు దూడను వదలాలి. అది మూతితో పొదుగును నాలుగు కుమ్ములు కుమ్మి చప్పరిస్తుంటే, కాసేపటికి చన్నులు నిండి బిగుస్తాయి. అదే చేపు. అప్పుడు దూడను లాగి గుంజకి కట్టి పితుకుతాం. చేపు రాకుండా ఎంతసేపు లాగినా చెంబు అడుగు తడుస్తుందంతే.

ఎందుకంటే ముర్రా గేదె పొదుగులో సుమారు 95 శాతం పాలు లోపలి సన్నటి తిత్తుల్లోనే ఉంటాయి. చన్ను పైనుండే తొట్టిలో సిద్ధంగా ఉండేది చాలా తక్కువ. ఆవుకి ఆ తొట్టి పెద్దది. తల్లి రొమ్ములో అసలు తొట్టే లేదు. పాత పుస్తకాల బొమ్మల్లో చనుమొన వెనక చిన్న సంచులు గీసేవారు. 2005లో అల్ట్రాసౌండ్‌తో వెతికితే అవి కనబడలేదు. కాబట్టి ఈ ఒక్క విషయంలో మనిషికి ఆవు కంటే గేదే దగ్గరి చుట్టం.

బిడ్డ చప్పరిస్తే చనుమొన నరాల కబురు వెన్నుపాము మీదుగా మెదడులోని హైపోథలామస్‌కి చేరుతుంది. దాని కిందుండే పిట్యూటరీ గ్రంథి వెనక భాగం నుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోను రక్తంలోకి వస్తుంది. పాలతిత్తుల చుట్టూ బుట్టలా అల్లుకున్న మయోఎపితీలియల్ కణాలు దానికి బిగుసుకుని, పాలను నాళాల్లోకి నెడతాయి. దీనికి నిమిషం అటూ ఇటూ పడుతుంది. ఇరవై ఏళ్ళు బడిలో "ఆక్సిటోసిన్: పాల విడుదల" అని జతపరచమన్నాను గానీ, చేపు అన్న మాట ఒక్కసారీ బోర్డు మీద రాయలేదు. పిల్లల్లో సగంమంది పొద్దున్నే గేదెను పితికి బడికొచ్చేవాళ్ళే!

ఇక సీసా. దానికి చేపు అక్కర్లేదు, వంచితే చాలు. తొమ్మిది రోజులు అలా మరిగినవాడికి ఆ నిమిషం యుగంలా ఉంటుంది. నెలలు నిండనివాడు కదా, చప్పరించే సత్తువా తక్కువే. అందుకని ఆ పని మనమే కొంత చేసిపెట్టాలి. గోరువెచ్చని గుడ్డ కాసేపు వేసి, రొమ్మును మెల్లగా నిమిరి, చేత్తో పిండి, చుక్కలు ధారగా మారాక బిడ్డను పెట్టాలి. నోట్లో పడ్డ మొదటి గుక్కకే పాలు తగలాలి. గుక్కపట్టి ఏడ్చేదాకా ఆగకూడదు. పిడికిలి నోట్లో పెట్టుకుంటున్నప్పుడే, చొక్కా తీసేసి తల్లి గుండెల మీద ఒంటికి ఒళ్ళు తగిలేలా పడుకోబెట్టాలి. నోరు పెద్దగా తెరిచాక, చనుమొన ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా చాలావరకు నోట్లోకి వెళ్ళాలి. అప్పటికీ మొండికేస్తే బలవంతం వద్దు. కడిగి నీళ్ళలో మరగబెట్టిన ఉగ్గుగిన్నెతో, పిండిన పాలు కొంచెం పట్టి ఆకలి చల్లార్చి, మళ్ళీ చూడాలి. బిడ్డను నిటారుగా పట్టుకుని, పాలు పెదవికి తగిలిస్తే వాడే నాకుతాడు. గొంతులో పొయ్యకూడదు.

సీసా ఒక్కరోజులో మానిపించి పస్తు పెట్టకండి. రోజుకి ఆరుసార్లకు తగ్గకుండా ఉచ్చ పోస్తున్నాడా, బరువు పెరుగుతున్నాడా చూసుకుంటూ తగ్గించాలి. లేవకుండా మగతగా పడుంటే వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. ఈలోగా తల్లి రోజుకి ఎనిమిదిసార్లయినా పాలు పిండుతూ ఉండాలి, రాత్రి కూడా. పితక్కపోతే గేదె వట్టిపోయినట్టే ఇక్కడా జరుగుతుంది.

"ఉన్నట్టుండి పాలు తగ్గాయండీ, దిష్టేమో" అన్నారు ఆవిడ. ఇంట్లో ఎంతమంది ఉన్నారని అడిగాను. చూసిపోయేవాళ్ళు పొద్దస్తమానం వస్తూనే ఉన్నారట, వచ్చినవాళ్ళల్లా పాలు పడ్డాయా అని అడుగుతున్నారట. 1941లో అమెరికాలో ఇద్దరు శాస్త్రవేత్తలు ఆవు వీపు మీద పిల్లిని ఎక్కించి, కాగితం సంచులు ఫట్‌మని పేల్చి చూశారు. చేపు ఆగిపోయింది. 1948లో న్యూటన్ అనే పరిశోధక దంపతులు పాలిచ్చే తల్లి పాదాలు ఐసునీళ్ళలో పెట్టించి, లెక్కలడిగి విసిగించారు. బిడ్డకి అందిన పాలు తగ్గాయి. ఆ తల్లికి ఆక్సిటోసిన్ సూది ఇస్తే మళ్ళీ చాలావరకు వచ్చాయి. అంటే పాలు లోపల ఉన్నాయి, టెన్షన్‌కి బయటికి రాలేదంతే. దిష్టి తియ్యాలనుంటే తియ్యండి, తీసేటప్పుడు గదిలో జనాన్ని కూడా బయటికి పంపెయ్యండి అన్నాను.

"పాలవాడు గేదెకి పొడిచే సూది అదేనాండీ?"

అదే మందు. అలా పొడవడం నేరం కూడా. అసలు సూది లేకుండానే చేపు తెచ్చే ఉపాయం పాతవాళ్ళకి తెలుసు. దూడ చచ్చిపోతే దాని తోలులో గడ్డి కూరి గేదె ముందు నిలబెట్టేవారు. గేదె దాన్ని వాసన చూసి, నాకి, చేపేది. మీ అమ్మాయి పాలు పిండేటప్పుడు పిల్లాడి విడిచిన చొక్కా ఒకటి ఒళ్ళో పెట్టుకోమనండి అన్నాను.

ఆవిడ ఇంకేదో అడగబోయి, "ఉండండుండండి, దూడ తాడు తెంపుకుంది, పాలన్నీ తాగేస్తది" అంటూ ఫోన్ పెట్టేశారు.