ప్లాస్టిక్ గిటార్లు ఎందుకు అటకెక్కాయి? రిథమ్ గేమ్స్ మీద అపోహలు - వాస్తవాలు

భీమవరంలో గేమ్ పార్లర్ నడుపుతూ, పక్కనే కన్సోళ్లు, కంట్రోలర్లు రిపేరు చేస్తుంటాను. సంక్రాంతికి అమెరికా నుంచి వచ్చినవాళ్లు ఇక్కడి పిల్లలకి వదిలేసి వెళ్లిన ప్లాస్టిక్ గిటార్లు నా బల్ల మీదికి వస్తూనే ఉంటాయి. వీటికి తీగలుండవు, మెడ మీద బటన్లుంటాయి. తెర మీద వచ్చే గుర్తుల్ని (నోట్లని) పాట తాళానికి సరిగ్గా నొక్కాలి. ఇలా తాళానికి ఆడేవే రిథమ్ గేమ్స్. వాటితోపాటు ఈ మాటలు కూడా.

అపోహ: జనానికి మొహం మొత్తింది, ఆగిపోయాయి.

మొత్తేదాకా వడ్డించింది కంపెనీలేనండి. ఈ గిటార్లతో ఆడే మొదటి గిటార్ హీరో గేమ్ వచ్చింది 2005లో. 2007లో వచ్చిన మూడోది 100 కోట్ల డాలర్ల అమ్మకాలు దాటిందని దాన్ని అమ్మే యాక్టివిజన్ కంపెనీ గొప్పగా చెప్పుకుంది. ఆ ఊపులో 2009 ఒక్క ఏడాదే గిటార్ హీరో 5, బ్యాండ్ హీరో, డీజే హీరో, మెటాలికా పేరుతో ఒకటి, వాన్ హేలెన్ పేరుతో ఇంకోటి దించారు. పోటీగా రాక్ బ్యాండ్ అనే గేమ్ వాళ్లు బీటిల్స్ రాక్ బ్యాండ్, లెగో రాక్ బ్యాండ్ దించారు. అప్పటికే మాంద్యం. ఇంట్లో గిటారు ఉన్నవాడు రెండోది కొనడు కదా! అందరూ ఒకేసారి చెరువులు పట్టి అమ్మితే రేటు ఏమవుతుందో మా రొయ్యల రైతుకి చెప్పక్కర్లేదు. 2011 ఫిబ్రవరిలో యాక్టివిజన్ గిటార్ హీరో విభాగాన్నే మూసేసింది.

అపోహ: ఫోన్లు వచ్చి చంపేశాయి.

చంపలేదు, ఆటని జేబులోకి తెచ్చాయి. 2008లో ట్యాప్ ట్యాప్ రివెంజ్, 2014లో పియానో టైల్స్, రెండూ ఫోన్‌లో ఆడే రిథమ్ గేమ్సే. బస్టాండులో నల్ల పలకల మీద వేళ్లు ఆడించే పిల్లాడికి తను ఆడేది రిథమ్ గేమని తెలీకపోవచ్చు, అంతే.

అపోహ: "నాకు తాళం రాదండి, నా వల్ల కాదు."

ఎక్కువమంది ఆట మానేసేది ఇక్కడే. కోలాటంలో ఒక్క కర్ర దెబ్బ తప్పని అమ్మాయి మా పార్లర్‌లో వరసగా మిస్‌లు కొట్టింది. "సరిగ్గానే కొడుతున్నా కదన్నా!" అంది. నిజమే, తప్పు టీవీది.

పాత డబ్బా టీవీలో బొమ్మ దాదాపు ఆలస్యం లేకుండా వచ్చేది. ఎల్‌సీడీలు బొమ్మకి మెరుగులు దిద్ది మరీ చూపిస్తాయి. కొన్నింటిలో దానికి 100 మిల్లీసెకన్లు కూడా పడుతుంది. నిమిషానికి 120 బీట్ల పాటలో బీటుకీ బీటుకీ మధ్య 500 మిల్లీసెకన్లు, అందులో నాలుగో వంతు 125. టీవీ ఆలస్యం ఇంచుమించు అంత. అంటే మీరు చూసే నోటు, వినే దెబ్బ ఒకదాన్నొకటి కలవవు. గిటారు గేమ్స్ హవా తగ్గిన రోజులూ ఇళ్లలో టీవీలు మారిన రోజులూ ఇంచుమించు ఒకటే. ఇది నా అనుమానం మాత్రమే, లెక్కలు తీయలేదు.

ముందు టీవీలో గేమ్ మోడ్ పెట్టండి, ఆ మెరుగులు తగ్గి ఆలస్యం తగ్గుతుంది. బ్లూటూత్ స్పీకర్ శబ్దాన్ని ఆలస్యం చేస్తుంది, అది తీసేసి వైరు పెట్టండి. అప్పుడు గేమ్‌లో ఆలస్యాన్ని సరిచేసే కాలిబ్రేషన్‌లోకి వెళ్లి, కళ్లు మూసుకుని శబ్దానికి ఒకసారి, సౌండు ఆపేసి బొమ్మకి ఒకసారి సరిచేయండి. రెండూ కలిపి చేస్తే ఏది తప్పో తేలదు. ఆ అమ్మాయి ఇప్పుడు అన్నిటికన్నా కష్టమైన ఎక్స్‌పర్ట్ స్థాయి ఆడుతోంది, ఆయ్!

అపోహ: గిటారు పాడైపోయింది, పారేయాలి.

మన గాలిలో తేమ, నరసాపురం వైపైతే ఉప్పు కూడా. మెడ ఊడదీసే గిటార్లలో మెడ కలిసేచోట పిన్నులు చిలుము పడితే బటన్లు పనిచెయ్యవు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే చాలాసార్లు లేచి కూర్చుంటుంది.

అపోహ: ఇది ఆడితే అసలు గిటారు వచ్చేస్తుంది.

రాదు. ఐదు బటన్లలో స్వరం ఎక్కడుంది? వేలికి వేగం, చెవికి లయ వస్తాయి. నిజం గిటారే కావాలంటే, దాన్నే తగిలించి ఆడే రాక్‌స్మిత్ అనే గేమ్ ఉంది, 2011 నుంచీ.

అపోహ: ఇక ఈ ఆటల పని అయిపోయింది.

2018లో కళ్లకి వీఆర్ హెడ్‌సెట్ పెట్టుకుని తాళానికి దిమ్మెల్ని నరికే బీట్ సేబర్ వచ్చింది. రాక్ బ్యాండ్ చేసిన హార్మోనిక్స్ కంపెనీని 2021లో ఫోర్ట్‌నైట్ గేమ్ వాళ్లు, అంటే ఎపిక్, కొనుక్కుంది, 2023 డిసెంబరులో ఫోర్ట్‌నైట్‌లోనే పాటల ఆట పెట్టింది. గిటార్ హీరోలాగే అభిమానులు చేసిన క్లోన్ హీరో కంప్యూటర్‌లో ఉచితం. అందుకే పాత గిటార్లకి మళ్లీ గిరాకీ. మీ అటక మీద ఉంటే తూకానికి వెయ్యకండి. ప్లేస్టేషన్ 3 వైర్‌లెస్ గిటారైతే దాని యూఎస్‌బీ డాంగిల్ (గిటారు సిగ్నల్ అందుకునే చిన్న ముక్క) కూడా వెతకండి. అది లేకపోతే నేనూ ఏం చెయ్యలేను.