తిరుపతి సర్కస్ సింహాలకు పిల్లలెందుకు లేవు?

కొండ మీద దర్శనం అయ్యాక, వచ్చిన చుట్టాల్లో పిల్లలుంటే తర్వాతి మజిలీ దాదాపు ఖాయం: జూ పార్కు. శేషాచలం కొండల పాదాల దగ్గర 1987 సెప్టెంబరులో మొదలైన శ్రీ వేంకటేశ్వర జంతు ప్రదర్శనశాల 5,532 ఎకరాల్లో పరుచుకుని ఉంది. టికెట్ కొని లోపలికెళ్లిన వాళ్లు సింహాన్ని చూసి, ఫొటో తీసుకుని బయటికొస్తారు. వాళ్లకు కనిపించని సింహాలు కూడా ఇదే జూ నీడలో బతికాయి. వాటి బోనుల ముందు పేరు రాసిన బోర్డుల్లేవు, చూడ్డానికి జనాన్ని రానిచ్చేవారు కాదు. సర్కస్ డేరాల నుంచి తెచ్చి రెస్క్యూ సెంటర్లో పెట్టిన సింహాలవి. వేళకి మాంసం పెట్టేవారు, జబ్బు చేస్తే డాక్టరు చూసేవాడు. పిల్లల్ని మాత్రం కననివ్వలేదు. మగా ఆడా కలవకుండా చూడటం, మగవాటికి వేసెక్టమీ చేయడం ఇలాంటి కేంద్రాలన్నిట్లో ఉన్న పద్ధతే.

సింహాల సంఖ్య పెరిగిందని ప్రతి ఐదేళ్లకోసారి పండగ చేసుకునే దేశంలో కొన్ని సింహాల వంశాన్ని మనమే కావాలని ఎందుకు ఆపేశాం? అది తెలియాలంటే సర్కస్ కంటే ముందు గుజరాత్‌లోని గిర్ అడవికి వెళ్లాలి.

ఒకప్పుడు ఉత్తర భారతమంతా తిరిగిన సింహం తుపాకీ దెబ్బకి పంతొమ్మిదో శతాబ్దం చివరికల్లా గిర్ ఉన్న ఒక్క జునాగఢ్ సంస్థానంలోనే మిగిలింది. 1900లో వైస్రాయ్ కర్జన్ అక్కడికి వెళ్లి, పరిస్థితి విని వేట మానుకుని, వాటిని కాపాడమని నవాబుకి సలహా ఇచ్చాడంటారు. అప్పటికి మిగిలినవి ఇరవై లోపేనని పుస్తకాల్లో కనిపించే మాట. వేటకి వచ్చే దొరల్ని వదిలించుకోడానికి సంస్థానం వాళ్లు కావాలనే తగ్గించి చెప్పారన్న వాదన కూడా ఉంది, నాకైతే అది నమ్మదగ్గదిగానే అనిపిస్తుంది. 1936 లెక్కలోనే 287 తేలాయి మరి. ఇరవై కాకపోయినా చాలా తక్కువే మిగిలాయన్నది మాత్రం నిజం. దానికి సాక్ష్యం వాటి రక్తంలోనే దొరికింది.

అంత తక్కువ మిగిలితే ఏమవుతుందో మన రాయలసీమలో విడమరచి చెప్పక్కర్లేదు. మేనరికం మీద మేనరికం చేసుకుంటూ పోతే డాక్టర్లు ఎందుకు వద్దంటారో చిత్తూరు జిల్లాలో ప్రతి ఇంటికీ తెలుసు. గిర్ సింహాలకి వేరే సంబంధం వెతుక్కునే దారే లేకపోయింది. ఉన్న కొద్దిపాటి కుటుంబాల్లోనే పిల్లలు, వాటికి మళ్లీ పిల్లలు.

1980ల్లో అమెరికా జన్యుశాస్త్రవేత్త స్టీఫెన్ ఒబ్రియన్, ఆయన సహచరులు జునాగఢ్‌లోని సక్కర్‌బాగ్ జూ సింహాల రక్తాన్ని పరీక్షించారు. ఆ పరీక్ష ఇలా ఉంటుంది. రక్తంలోని ఒక్కో ప్రోటీన్‌ని జెల్ అనే పలచటి పొర మీద ఉంచి కరెంటు పెడతారు. ప్రోటీన్ కాస్త కాస్త జరుగుతుంది. దాన్ని తయారుచేసే జన్యువులో తేడా ఉంటే ప్రోటీన్ ఆగే చోటూ మారొచ్చు. రంగు వేస్తే గీతల్లా కనిపిస్తాయి. మామూలు సింహాల గుంపులో కొన్ని ప్రోటీన్లకైనా గీతలు అటూ ఇటూ పడతాయి. సక్కర్‌బాగ్ సింహాల్లో నలభైకి పైగా ప్రోటీన్లు చూస్తే, ప్రతి సింహానికీ ప్రతి గీతా ఒకే చోట పడింది. వీర్యకణాల్ని మైక్రోస్కోపు కింద పెడితే మూడింట రెండొంతుల దాకా వంకరవే. తూర్పు ఆఫ్రికాలోని సెరెంగెటి సింహాల్లో ఆ లోపం నాలుగోవంతు.

అసలు గొడవ దీనివల్ల కాదు, ఇదే పరీక్షని అమెరికా జూలలోని ‘ఆసియా సింహాల’ (గిర్ సింహాల జాతికి ఈ పేరే) మీద చేసినప్పుడు మొదలైంది. 1981 నుంచి అక్కడి జూలు కలిసి, వంశావళి పుస్తకం రాసుకుంటూ, ఏ మగదాన్ని ఏ ఆడదానితో కలపాలో లెక్కగట్టి మరీ పెంచుతున్న మంద అది. వాటి రక్తంలో గీతలు అటూ ఇటూ పడ్డాయి. గిర్ సింహాల్లో ఎక్కడా లేని తేడాలు వీటికెలా వచ్చాయి? వంశావళి వెనక్కి తిప్పితే మూలపురుషుల్లాంటి ఐదు సింహాల్లో రెండిటిది ఆఫ్రికా రక్తమని తేలింది. 1987లో ఆ ఫలితం అచ్చయింది. ఏళ్ల తరబడి జాగ్రత్తగా నడిపిన కార్యక్రమం మూతపడింది. యూరప్ జూలు 1990ల్లో సక్కర్‌బాగ్ నుంచి సింహాల్ని తీసుకుని మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాయి.

పుస్తకం రాసుకున్న వాళ్ల పరిస్థితే అలా ఉంటే, రాసుకోని మన సంగతి చెప్పేదేముంది. కేరళలోని తలశ్శేరి నుంచి దేశమంతా తిరిగిన సర్కస్ కంపెనీలకి సింహం ఎక్కడిదన్నది అనవసరం, రింగులో గర్జిస్తే చాలు. ఆఫ్రికా నుంచి వచ్చిన సింహాన్ని ఇక్కడి సింహంతో కలిపారు, పిల్లల్ని అమ్ముకున్నారు, జూలతో ఇచ్చిపుచ్చుకున్నారు. చండీగఢ్ దగ్గరి ఛత్‌బీర్ జూలో ఇలాంటి సంకర సింహాలు డెబ్భై ఎనభై దాకా పెరిగాయి. తర్వాత జబ్బులు చుట్టుముట్టాయి, రోగనిరోధక శక్తి లేక ఒకటొకటిగా చనిపోయాయి. 2000 ప్రాంతంలో అక్కడ సంతానం ఆపించేశారు. సంకరం వల్లే రోగాలొచ్చాయని అప్పట్లో గట్టిగా ప్రచారమైంది. నా అనుమానం వేరు. కొద్ది జంటల నుంచే అన్ని పిల్లల్ని పుట్టించి ఇరుకు చోట్లో పెంచితే ఏ రక్తమైనా అలాగే అవుతుంది.

ఈలోగా ఢిల్లీలో ఇంకో కథ నడుస్తోంది. ఎలుగుబంటి, కోతి, పులి, చిరుత, సింహం, ఈ ఐదిటినీ ఆటలకి వాడకూడదని 1998 అక్టోబరు 14న కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. సర్కస్ వాళ్లు కోర్టుకెళ్లారు. 2000లో కేరళ హైకోర్టు, 2001 మే 1న సుప్రీంకోర్టు ప్రభుత్వం వైపే తీర్పు చెప్పాయి. తీర్పు చెప్పడం తేలిక. డేరాల్లో ఉన్న వందలాది పులుల్నీ సింహాల్నీ ఎక్కడ పెట్టాలి? పుట్టినప్పటి నుంచి బోనులో ఉన్నవాటిని అడవిలో వదిలితే వారం బతకవు. అలా కేంద్ర జూ అథారిటీ డబ్బుతో రెస్క్యూ సెంటర్లు వచ్చాయి. బన్నేరుఘట్ట, వండలూరు, జైపూర్, భోపాల్‌తో పాటు మన దగ్గరే రెండు, తిరుపతి, విశాఖ.

వచ్చినవాటిలో చాలావరకు సంకరాలే. ఆసియా సింహానికి పొట్ట కింద పొడుగునా చర్మం మడత వేలాడుతుంది, మగదానికి మెడ చుట్టూ ఉండే జూలు పలచగా ఉండి చెవులు బయటికి కనిపిస్తాయి. సంకరాల్లో ఇవి ఒకదాంట్లో ఉంటాయి, ఒకదాంట్లో ఉండవు. కంటితో తేలకపోతే హైదరాబాద్ జన్యు పరిశోధన సంస్థ సీసీఎంబీలో డీఎన్ఏ చూడాల్సిందే. వీటికి పిల్లలు పుడితే, ఎప్పుడో ఒకప్పుడు ఏదో జూ ద్వారా అసలు ఆసియా మందలో కలుస్తాయన్న భయంతో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ నిర్ణయం వచ్చింది. ఉన్నన్నాళ్లు చూసుకుందాం, వాటితోనే ఆ వంశం ముగిసిపోతుంది అన్నది లెక్క. అప్పటికి ఉన్న సమాచారంతో, బోనులు చాలని పరిస్థితిలో అది సబబైన నిర్ణయమే అంటాను.

కానీ ఆ తర్వాత శాస్త్రం ఊరుకోలేదు. 2017లో పిల్లి జాతుల నిపుణులు సింహాల వర్గీకరణే మార్చేశారు. ఆసియా సింహం, పశ్చిమ, మధ్య ఆఫ్రికా సింహం ఒకే ఉపజాతి కింద చేరాయి. తూర్పు, దక్షిణ ఆఫ్రికావి రెండోది. అంటే ‘ఆసియా’, ‘ఆఫ్రికా’ అని మనం గీసుకున్న గీత ప్రకృతి గీసిన చోట లేదు. 2020లో పాత ఎముకల డీఎన్ఏతో కలిపి చేసిన అధ్యయనం ఈ రెండు శాఖలూ సుమారు 70,000 ఏళ్ల కిందట విడిపోయాయని చెబుతూ, గిర్ సింహాల్లో జన్యు వైవిధ్యం దాదాపు లేనట్టేనని మరోసారి చూపించింది. అమెరికాలోని ఫ్లోరిడాలో ఇంతకంటే తెగించి ఒక పని చేశారు. అక్కడి ప్యూమాలు (పిల్లి జాతికే చెందిన పెద్ద జంతువులు) ఇరవై ముప్ఫైకి పడిపోయి, తోకలు వంకరపోయి, గుండె లోపాలతో పుడుతుంటే 1995లో టెక్సస్ నుంచి ఎనిమిది ఆడ ప్యూమాల్ని తెచ్చి వదిలారు. అవి వేరే ఉపజాతి అని అప్పటి పుస్తకాలు అంటున్నా సరే. మంద వంద దాటింది, వంకర తోకలు తగ్గాయి. ఇక్కడ ఏ ఆపద వస్తుందని ఆపరేషన్లు చేశామో, అక్కడ దాన్నే మందుగా వాడారు.

సర్కస్ సింహాల్ని తీసుకెళ్లి గిర్‌లో కలపాల్సిందని దీనర్థం కాదు. వాటి పుట్టుక ఎవరికీ తెలియదు, ఏ రోగాలున్నాయో తెలియదు. నా బాధ వేరు. స్వచ్ఛమైన రక్తం అన్న మాటకి అంత విలువిచ్చి కొన్ని సింహాల వంశం ఆపిన మనం, ఆ స్వచ్ఛమైన మంద ఎంత బలహీనంగా ఉందో అంత గట్టిగా పట్టించుకోలేదు.

తిరుపతి జూలోనే జనం ఎగబడి చూసే తెల్లపులి సంగతి చూడండి. 1951లో రీవా మహారాజు పట్టుకున్న మోహన్ అనే మగ పులికూన నుంచి ఈ రంగు దేశంలోని జూలకు పాకింది. మామూలు పులితో కలిపితే తెల్లవి పుట్టలేదు. చివరికి దాని కూతురు రాధతోనే కలిపితే 1958లో నాలుగు తెల్ల పిల్లలు పుట్టాయి. తండ్రీ కూతుళ్ల సంతానం బోర్డు పెట్టించుకుని ముందు వరసలో కూర్చుంది.

గిర్‌కి తిరిగొస్తే, 2018 సెప్టెంబరులో దల్ఖానియా రేంజిలో కొద్ది వారాల్లోనే 23 సింహాలు చనిపోయాయి. కుక్కల నుంచి వచ్చే డిస్టెంపర్ వైరస్ బయటపడి, అమెరికా నుంచి వ్యాక్సిన్ తెప్పించారు. 1994లో సెరెంగెటిలో ఇదే వైరస్ మూడోవంతు సింహాల్ని తీసుకుపోయింది. అక్కడివి రకరకాల రక్తం ఉన్నవి, మళ్లీ పుంజుకున్నాయి. ఒకేరకం రక్తమున్న మంద ఒకేచోట ఉంటే ప్రమాదమని వన్యప్రాణి సంస్థలు 1990ల నుంచే చెబుతున్నాయి. రెండో ఇల్లుగా మధ్యప్రదేశ్‌లోని కునోని ఎంచి, అక్కడి 24 పల్లెల్ని ఖాళీ చేయించారు. ఆర్నెల్లలో తరలించమని 2013 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు చెప్పింది. గుజరాత్ ఇవ్వలేదు. పల్లెలు ఖాళీ అయిన ఆ నేల మీద 2022 సెప్టెంబరు 17న నమీబియా చీతాలు దిగాయి.

2025 లెక్క ప్రకారం సింహాలు 891. గిర్ దాటి బర్దా కొండలకీ, సముద్రం ఒడ్డుకీ విస్తరించాయి, కానీ అన్నీ సౌరాష్ట్రలోనే.