పాత మిలిటరీ రైఫిల్ ఫినిషింగ్: అపోహలు - వాస్తవాలు

టెక్సస్‌లో పాత మిలిటరీ రైఫిళ్లకు చెక్కపని, బ్లూయింగ్ (ఉక్కుకు నల్లటి పొర తెప్పించడం) చేయడం నా వృత్తి. నా దగ్గరికి ఎక్కువగా వచ్చేవి మౌజర్ 98, లీ ఎన్‌ఫీల్డ్, స్ప్రింగ్‌ఫీల్డ్ 1903. కొత్త బారెల్, కొత్త స్టాక్ (రైఫిల్ చెక్క భాగం) బిగించేసి "ఇక ఫినిషింగ్ ఒక్కటే మిగిలింది" అంటూ తెస్తారు. పనిలో సగం మిగిలే ఉందని చెబితే నమ్మరు.

అపోహ: బ్లూయింగ్ చేస్తే గీతలు, తుప్పు గుంటలు కనబడవు.

వాస్తవం: బ్లూయింగ్ పెయింట్ కాదు. ఉక్కు పైపొర నల్లటి ఐరన్ ఆక్సైడ్‌గా మారుతుంది, అంతే. కింద ఎమరీ గీత ఉంటే పైన ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కాబట్టి ఎంత మెరవాలన్నది పాలిష్ దగ్గరే తేలిపోతుంది. అలాగని బఫింగ్ చక్రానికి పెడితే అంచులు అరిగిపోతాయి, స్క్రూ రంధ్రాల చుట్టూ పళ్లెంలా పల్లం పడుతుంది, ఫ్యాక్టరీ ముద్రలు చెరిగిపోతాయి. చదునైన చోట్ల ఎమరీ పేపర్ వెనక చెక్కముక్క పెట్టి చేత్తో రుద్దడమే నా పద్ధతి.

పాత మౌజర్‌తో ఇంకో చిక్కుంది. దాని రిసీవర్‌ను, అంటే బారెల్ బిగించే ఉక్కు చట్రాన్ని, తక్కువ కార్బన్ ఉన్న ఉక్కుతో చేసి, పైపొరను మాత్రమే గట్టిపరిచేవారు. గుంటలు పోయేదాకా గ్రైండ్ చేస్తే ఆ గట్టి పొర కూడా పోతుంది. లోతైన గుంటలను అలాగే వదిలేద్దామంటాను. కొందరు అలిగి వెళ్లిపోతారు, ఫర్వాలేదు.

అపోహ: హాట్ బ్లూయింగే అన్నిటికన్నా మేలు.

వాస్తవం: అది వేగంగా అయ్యే పని. కాస్టిక్ సోడా, నైట్రేట్ కలిపిన ద్రావణం దాదాపు 140 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంటుంది. మెత్తని టంకంతో అతికించిన భాగాలు అందులో ఊడిపోవచ్చు. అల్యూమినియం అయితే కరిగిపోతుంది. స్లో రస్ట్ బ్లూయింగ్ వేరు. కావాలనే పల్చగా తుప్పు పట్టించి నీళ్లలో ఉడికిస్తే ఎర్ర తుప్పు నల్లటి మాగ్నటైట్‌గా మారుతుంది. మెత్తటి వైర్ బ్రష్‌తో పైపొడి తీసేసి, నలుపు నిండుగా వచ్చేదాకా మళ్లీ మళ్లీ అదే పని. రోజులు పడుతుంది. వేటకు మలిచిన మౌజర్‌కు మాత్రం ఆ మెరుపులేని నలుపే అందమని నా అభిప్రాయం. చిన్న సీసాల్లో దొరికే కోల్డ్ బ్లూ టచప్‌కు తప్ప పనికిరాదు.

అపోహ: అవిసె నూనె బాగా పట్టిస్తే చెక్కలోకి చెమ్మ వెళ్లదు.

వాస్తవం: అందం వస్తుంది గానీ చెమ్మ పెద్దగా ఆగదు. వానాకాలంలో చెక్క ఉబ్బి బారెల్‌ను నొక్కితే గుండు తగిలే చోటు మారుతుంది. బయట అద్దంలా మెరిసే స్టాక్‌కు బట్ ప్లేట్ (భుజానికి ఆనే చివరి పలక) విప్పి చూస్తే లోపల పచ్చి చెక్కే ఉంటుంది! అక్కడా, బారెల్ కూర్చునే గాడిలోనూ వార్నిష్ కలిసిన నూనె తప్పకుండా పట్టించాలి. నూనె గుడ్డలను ఉండచుట్టి మూల పడేయొద్దు. నూనె ఆరేటప్పుడు పుట్టే వేడికి వాటంతటవే అంటుకుంటాయి. విడిగా పరిచి బయట ఆరబెట్టండి.

చెక్క మీది సొట్టలకు శాండ్ పేపర్ అక్కర్లేదు. తడిగుడ్డ వేసి ఇస్త్రీపెట్టె ఆనిస్తే నొక్కుకుపోయిన పీచు పైకి లేస్తుంది. తెగిన పీచు మాత్రం లేవదు.

అపోహ: బారెల్ చెక్కకు ఎక్కడా తగలకపోతే గురి మెరుగవుతుంది.

వాస్తవం: చాలా రైఫిళ్లకు నిజమే. కానీ లీ ఎన్‌ఫీల్డ్ నంబర్ 4లో ముందు చెక్క కొస బారెల్‌ను కొద్దిగా పైకి నొక్కాలి, ఫ్యాక్టరీ అమరికే అది. ఆ చెక్కను తొలిచేస్తే తరచుగా గురి పాడవుతుంది.

అపోహ: కొత్తదానిలా మెరుస్తోంది, ఇక కాల్చొచ్చు.

వాస్తవం: హెడ్‌స్పేస్‌ను, అంటే తూటాను వెనక నుంచి మూసే బోల్ట్‌కూ, తూటా ముందుకు వెళ్లకుండా ఆగే చోటుకూ మధ్య దూరాన్ని, గేజ్‌తో కొలవకుండా ఏ పాత రైఫిల్‌నూ కాల్చకూడదు. బోల్ట్ మీది నంబరు రైఫిల్ నంబరుతో కలిసినా సరే. స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీలో చేసిన 1903 రైఫిళ్లలో 8,00,000 లోపు సీరియల్ నంబర్లవి, రాక్ ఐలండ్‌లో చేసినవాటిలో 2,85,507 లోపువి కాల్చవద్దని పాత సైనిక రైఫిళ్లను పౌరులకు అమ్మే అమెరికా సంస్థ సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రామ్ హెచ్చరిస్తోంది. అప్పట్లో ఉక్కు వేడిని రంగు చూసి కంటితోనే అంచనా వేసేవారు. వేడి మితిమీరిన రిసీవర్లు పెళుసుబారాయి. ఏది మంచిదో, ఏది పెళుసో పైకి తెలియదు. అలాంటిది వస్తే గోడకు తగిలించుకోమని చెప్పి పంపేస్తాను.

అపోహ: లైసెన్స్ ఉంది కాబట్టి ఇండియాలో కూడా ఇంట్లోనే చేసుకోవచ్చు.

వాస్తవం: చుట్టాలు ఫోన్ చేసి అడిగే ప్రశ్న ఇది. ఆయుధాల చట్టం 1959 సెక్షన్ 5 ప్రకారం తుపాకీని మార్చడానికీ, రిపేరు చేయడానికీ వేరే లైసెన్స్ కావాలి. సొంతదారు లైసెన్స్ అందుకు చెల్లదు. ఇషాపూర్ ఫ్యాక్టరీవారి .315 స్పోర్టింగ్ రైఫిల్ కూడా లీ ఎన్‌ఫీల్డ్ వంశంలోదే కాబట్టి చెక్క గురించి పైన చెప్పినవి దానికీ పనికొస్తాయి. ఇనుము పని మాత్రం లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరే చేయించుకోండి.