వీధిలో మొహాలు తీయాలనుకునే పిల్లలకు

పిల్లలూ,

వీధిలో ముక్కూమొహం తెలియనివాళ్ల ఫొటోలు, అదీ వాళ్లు ఫోజు పెట్టకముందే, తమ ధ్యాసలో తాముండగానే తీయాలని మీకు సరదా పుట్టింది కదా. ఈ పనికి దిగే ప్రతివాళ్లూ మొదట అడిగేది ధైర్యం ఎలా వస్తుందనే. నన్నడిగితే ధైర్యం సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు చోటు ఎంచుకోవడం రావాలి. మంచి మొహం కనబడగానే దాని వెంట పరుగెత్తేవాళ్లకు మిగిలేవి వీపులే. వెలుగు బాగుండి, వెనకాల గోల లేని చోట నిలబడితే మనుషులే ఎదురొస్తారు.

మిట్టమధ్యాహ్నం ఎండ నడినెత్తి మీద నుంచి పడుతుంది. కనుబొమల నీడ కిందికి దిగి, కళ్లున్న చోట రెండు నల్లటి గుంటలు మిగులుతాయి. అందుకని నీడ అంచు వెతుక్కోండి. ఎత్తయిన కట్టడం నీడ ఎక్కడ మొదలవుతుందో చూసి, దానికి ఒకటి రెండు మీటర్ల లోపల, మనుషులు ఎండ వైపు మొహం పెట్టి నడిచే దారి ఉందేమో గమనించండి. అవతలి ఎండ నేలకీ గోడకీ తగిలి తిరిగొచ్చి మొహం మీద మెత్తగా పడుతుంది. కంటిలో చిన్న మెరుపు కూడా చేరుతుంది. ఆ మెరుపు లేకపోతే ఎంత చురుకైన కన్నయినా ఫొటోలో మొద్దుబారి కనిపిస్తుంది. వెలుగు పరీక్షకి ఇంకొకరి సాయం అక్కర్లేదు. మీ పిడికిలి ముందుకు చాచి మెల్లగా తిప్పుతూ చూడండి. ఎటు తిప్పినప్పుడు కణుపుల మధ్య నీడ పలచబడుతుందో, అటు మొహం పెట్టి వచ్చే మనిషి కోసం ఆగాలి.

తర్వాత వెనక ఏముందో చూడాలి. మూసిన తలుపు, నీడలో ఉన్న గోడ, దూరంగా చీకటిగా ఉన్న సందు, ఇలాంటివి మొహాన్ని ముందుకు తెస్తాయి. తల మీద స్తంభం మొలిచినట్టు, మెడ దగ్గర గోడ అంచు అడ్డంగా కోసినట్టు వస్తే ఫొటో పోయినట్టే. మందు తేలిక: అర అడుగు పక్కకి జరగడం, లేదా మోకాళ్లు కాస్త వంచడం. ఈ జరుగుబాటంతా మనిషి రాకముందే అయిపోవాలి.

చోటు కుదిరాక కెమెరాని దానికి తగ్గట్టు ఒక్కసారి సెట్ చేసి పెట్టేయండి. కెమెరా మీటరు (వెలుగు కొలిచేది) తన ముందున్నదంతా కలిపి ఓ మాదిరి బూడిద రంగులో ఉంటుందని అనుకుంటుంది. మనిషి వెనక తెల్ల గోడ ఉంటే ఆ తెలుపుకి బెదిరి మొహాన్ని నల్లగా తీస్తుంది. అప్పుడు ఎక్స్‌పోజర్ (లోపలికి వెళ్లే వెలుగు) ఒక స్టాప్ పెంచాలి, అంటే రెట్టింపు చేయాలి. వెనక చీకటి ఉంటే తలకిందులు, మొహం తెల్లగా పేలిపోతుంది, ఒక స్టాప్ తగ్గించాలి. అదే చోట నిలబడేటప్పుడు మాన్యువల్‌లో, అంటే అంకెలన్నీ మీరే నిర్ణయించే పద్ధతిలో, పెట్టుకుంటే ఇంకా నయం. తెల్ల చొక్కా వచ్చినా నల్ల చొక్కా వచ్చినా అక్కడి వెలుగు మారదు కదా.

షట్టర్ వేగం దగ్గరే, అంటే కెమెరా తలుపు ఎంతసేపు తెరుచుకుంటుందన్న దగ్గరే, ఎక్కువమంది దెబ్బతింటారు. మామూలుగా నడిచే మనిషి సెకనుకి సుమారు 1.4 మీటర్లు కదులుతాడు. అడ్డంగా వెళ్లేవాడిని 1/60 సెకనులో తీస్తే ఆ కాస్త వ్యవధిలోనే రెండు సెంటీమీటర్ల పైన జరిగిపోతాడు, కన్నూ కనురెప్పా కలిసిపోతాయి. 1/500లో అయితే ఆ కదలిక మూడు మిల్లీమీటర్లకు లోపే. అందుకని నడిచేవాళ్లకి 1/500, నిలబడి ఉన్నవాళ్లకి 1/125 లేదా 1/250 పెట్టుకోండి. దీనివల్ల వెలుగు చాలకపోతే ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా చురుకుదనం) పెంచండి, ఫొటో కాస్త గరుకవుతుంది గానీ 3200కి కూడా భయపడొద్దు. గరుకుగా వచ్చిన మంచి మొహాన్ని చూసేవాళ్లు క్షమిస్తారు గానీ అలుక్కుపోయిన మొహాన్ని క్షమించరు.

లెన్స్ విషయంలో నా పట్టుదల ఒకటుంది: 35 లేదా 50 మిల్లీమీటర్లు, అంతే. దూరాన్ని దగ్గరగా లాగే 200 మిల్లీమీటర్ల లెన్స్‌తో వీధి అవతల నుంచి తీస్తే ఎవరికీ తెలియదు, నిజమే. కానీ ఆ దూరం ఫొటోలోకి వచ్చి కూర్చుంటుంది, పొంచి చూసినట్టే ఉంటుంది. 35 లెన్స్ వాడేవాళ్లు ఆటోఫోకస్‌ని నమ్ముకోకుండా చేసే పద్ధతి ఒకటుంది, ఇది నేర్చుకోండి. ఫుల్‌ఫ్రేమ్ (పాత ఫిల్ము ఫ్రేమంత సెన్సార్ ఉన్న) కెమెరాలో అపర్చర్ (లెన్స్ లోపలి రంధ్రం) ఎఫ్ 8 పెట్టి, ఫోకస్ రెండున్నర మీటర్ల దగ్గర బిగించేస్తే, సుమారు 1.7 మీటర్ల నుంచి 4.9 మీటర్ల దాకా ఉన్నదంతా స్పష్టంగా వస్తుంది. ఆ పరిధిలోకి మనిషి రాగానే నొక్కడమే, కెమెరా ఫోకస్ వెతుక్కునే ఆలస్యం ఉండదు. అదే 50 లెన్స్ ఎఫ్ 2లో (రంధ్రం బాగా తెరిచి) రెండు మీటర్ల దగ్గర అయితే స్పష్టంగా వచ్చే లోతు ఇరవై సెంటీమీటర్లు కూడా ఉండదు. మనిషి అర అడుగు వేస్తే కన్ను పోయి చెవి మిగులుతుంది. కంటిని పట్టుకునే ఆటోఫోకస్ ఒంటరిగా ఉన్న మనిషికి బాగా పనికొస్తుంది గానీ గుంపులో పక్కవాడి మొహం మీదికి దూకేస్తుంది. దూరం కంటికి తెలియాలంటే గోడ ముందు నిలబడి రెండున్నర మీటర్లు మీ అడుగుల్లో ఎన్నో కొలుచుకుని, చూపుతోనే చెప్పగలిగేదాకా సాధన చేయండి.

చేతిలో ఉన్నది ఫోనే అయితే చింతేం లేదు, దాని గుణం తెలిస్తే చాలు. ఫోన్ ప్రధాన లెన్స్ వెడల్పుగా చూస్తుంది కాబట్టి మొహం నిండుగా రావాలని అర మీటరు దగ్గరికి వెళ్తారు. ముక్కు ఉబ్బి చెవులు వెనక్కి పోతాయి. ఇది లెన్స్ తప్పనుకుంటారు గానీ దగ్గరితనం తప్పు. రెండు రెట్ల జూమ్ పెట్టి ఒకటిన్నర, రెండు మీటర్ల దూరం నుంచి తీయండి. మొహం పడబోయే చోట తెర మీద వేలు నొక్కి పట్టుకుంటే ఫోకస్, వెలుగు రెండూ బిగుసుకుంటాయి. నీడలో ఫోన్ తనంతట తాను షట్టర్ నెమ్మది చేసుకుంటుంది, పైగా కొన్ని ఫ్రేములు కలిపి ఒక ఫొటో చేస్తుంది. అందుకే నడిచేవాళ్ల చేతులు ఒక్కోసారి రెండేసి కనిపిస్తాయి. ఫోన్ కెమెరా అయితే నిలబడ్డవాళ్లనే తీయడం మేలు. వెనకాలదంతా మసక చేసే పోర్ట్రెయిట్ మోడ్ జోలికి పోకండి, జుట్టు అంచుల్ని కొరికేస్తుంది. లెన్స్ గుడ్డతో తుడవడం మరిచిపోవద్దు, సగం ఫోన్ ఫొటోల మసక వేలిముద్రే.

ఎప్పుడు నొక్కాలి? మాట్లాడే మనిషి నోరు ఏ అక్షరం మీద ఆగుతుందో చెప్పలేం, వంకరగానే పడుతుంది. వినే మనిషిని తీయండి. ఫోన్‌లో అవతలివాళ్ల మాట వింటున్నవాళ్లు, చిల్లర లెక్కపెడుతున్నవాళ్లు, సూదిలో దారం ఎక్కిస్తున్నవాళ్లు, ఎవరికోసమో ఎదురుచూస్తున్నవాళ్లు: వీళ్ల మొహాల్లో ఒక పని నడుస్తూ ఉంటుంది. సూదిలో దారం ఎక్కించేవాళ్లని గమనించండి. దారం కొన తడిపి నలిపేటప్పుడు మొహం మామూలుగానే ఉంటుంది. సూదిని వెలుగుకి ఎత్తగానే గడ్డం లేస్తుంది, ఒక కన్ను చిన్నదవుతుంది, ఊపిరి ఆగుతుంది. దారం దూరగానే పెదవులు వదులవుతాయి. ఫొటో ఆ ఊపిరి ఆగిన రెండు సెకన్లలో ఉంది. చేతులూ వెలుగులోనే ఉంటాయి కాబట్టి వాటిని ఫ్రేములోకి రానివ్వండి, మణికట్టు దగ్గర మాత్రం కోయొద్దు. మూడు నాలుగు వరసగా తీయండి, ఒకదాంట్లో రెప్ప పడుతుంది, తప్పదు. చూపు ఎటు ఉందో అటు కాస్త జాగా వదలండి.

కెమెరాని నడుము దగ్గర పెట్టుకుని చూడకుండా నొక్కేవాళ్లున్నారు. ముక్కు రంధ్రాలూ వంకర గోడలూ తప్ప సాధారణంగా ఏమీ రావు. దాచి తీయడం కొత్తేమీ కాదు. పాల్ స్ట్రాండ్ అనే ఫొటోగ్రాఫర్ 1916లో న్యూయార్క్‌లో కెమెరాకి పక్కగా ఉత్తుత్తి లెన్స్ తగిలించి, ఎటో తీస్తున్నట్టు నటిస్తూ మనుషుల్ని తీశాడు. మరో ఫొటోగ్రాఫర్ వాకర్ ఎవన్స్ 1938 నుంచి 1941 దాకా అక్కడి భూగర్భ రైళ్లలో కోటు గుండీల మధ్య నుంచి కాంటాక్స్ కెమెరా తొంగిచూసేలా పెట్టి, చొక్కా చేతిలోంచి దించిన కేబుల్‌తో నొక్కాడు. ఆ ఫొటోలు పుస్తకంగా వచ్చింది 1966లో. వాళ్ల పనితనాన్ని మెచ్చుకుంటాను గానీ మీరు మాత్రం కెమెరా కనబడేలాగే పట్టుకోండి. కనబడే కెమెరాకి జనం త్వరగా అలవాటుపడతారు. దాచిన కెమెరా దొరికితే మీరేం చెప్పినా ఎవరూ నమ్మరు.

చట్టం అన్ని దేశాల్లో ఒకటి కాదు. న్యూయార్క్‌లోని టైమ్స్ స్క్వేర్ కూడలిలో ఫిలిప్ లోర్కా డికోర్షియా అనే ఫొటోగ్రాఫర్ ఫ్లాష్ లైట్లు పైన అమర్చి, దారిన పోయేవాళ్ల మొహాలు తీసి ప్రదర్శించాడు. అందులో ఒకాయన దావా వేస్తే 2006లో న్యూయార్క్ కోర్టు అది కళ అంటూ కొట్టేసింది. కెనడాలోని క్యుబెక్‌లో ఒక భవనం మెట్ల మీద కూర్చున్న పదిహేడేళ్ల అమ్మాయి ఫొటోని అనుమతి లేకుండా పత్రికలో వేసిన కేసులో, 1998లో ఆ దేశ సుప్రీంకోర్టు అమ్మాయి పక్షాన నిలిచి 2,000 డాలర్ల పరిహారం ఖాయం చేసింది. తీయడం వేరు, నలుగురికీ చూపడం వేరు. మీరున్న చోటి నియమం ముందే కనుక్కోండి.

నా వైపు నుంచి కొన్ని హద్దులు, వీటిలో బేరం లేదు. చిన్నపిల్లల్ని వాళ్ల పెద్దవాళ్లని అడగకుండా తీయొద్దు. ఏడుస్తున్నవాళ్లు, వీధిలో నిద్రపోయేవాళ్లు, తాగి పడినవాళ్లు, దెబ్బలు తగిలినవాళ్లు మీ సరదాకి పనికిరారు. ఎవరి వెనకా నడవొద్దు. ఇద్దరు కలిసి వెళ్లండి. కళ్లు కలిస్తే కెమెరా చటుక్కున దించేయకుండా నవ్వి తలూపండి. దగ్గరికొచ్చి అడిగితే “మీ ఫొటో ఒకటి తీశానండీ, చూస్తారా?” అని చూపించండి. నచ్చితే పంపిస్తానని చెప్పి, మాట నిలబెట్టుకోండి. వద్దంటే వాదన పెట్టుకోకండి, వాళ్ల ఎదురుగానే చెరిపేయండి. ఫోన్‌లో చెరిపినవి కొన్నాళ్లు వేరే ఫోల్డర్‌లో ఉంటాయి, అక్కడా తీసేయాలి.

ఇంటికొచ్చాక ప్రతి ఫొటోనీ కంటి దాకా పెద్దది చేసి చూడండి. వెనక గోడ స్పష్టంగా ఉండి మొహం మసకగా ఉంటే ఫోకస్ తప్పింది. అంతా ఒకే వైపు సాగినట్టుంటే మీ చెయ్యి కదిలింది. గోడ బాగుండి మనిషి మాత్రం అలుక్కుపోతే షట్టర్ చాలలేదు. ఏది ఎందుకు పోయిందో పుస్తకంలో రాసుకుంటే మళ్లీ వెళ్లినప్పుడు ఏ మీట తిప్పాలో తెలుస్తుంది. ఎవరికైనా పంపేముందు ఫొటో ఫైల్‌లో దాగి ఉండే చోటు వివరాలు (లొకేషన్) తీసేయండి. రోజూ అదే మూలన నిలబడే మనిషి ఆచూకీ ఊరందరికీ తెలియాల్సిన పనిలేదు.

ఆశీస్సులతో,
మీ తాతయ్య