పద్మ నామినేషన్‌కు కావాల్సింది లెటర్‌హెడ్ కాదు, రిజిస్టర్

“ఎమ్మెల్యే గారి లెటర్ ఒక్కటి రానివ్వండి, అప్లై చేసేద్దాం.” జూన్, జూలైల్లో నాకొచ్చే ఫోన్లలో సగం ఇవే. పిల్లల కోసం పనిచేసే చిన్న సంస్థలకు రిపోర్టులు, దరఖాస్తులు రాసిపెట్టడం నా పని. ఈ మాట వినీ వినీ విసుగొచ్చింది.

అపోహ: సిఫార్సు లేనిదే పద్మ నామినేషన్ చెల్లదు.

వాస్తవం: ఏ లెటరూ అక్కర్లేదు. కేంద్ర ప్రభుత్వ అవార్డుల వెబ్‌సైట్ రాష్ట్రీయ పురస్కార్ పోర్టల్‌లో పౌరులెవరైనా నామినేట్ చేయొచ్చు. ఎవరికి వారు చేసుకున్నా తప్పులేదు. ఫీజు లేదు. “ఢిల్లీలో మనవాళ్లున్నారు” అంటూ డబ్బులడిగేవాణ్ని గుమ్మంలోంచే పంపేయండి.

ఇటుక బట్టీలకు ఒడిశా నుంచి వలస వచ్చేవాళ్ల పిల్లలకు చదువు చెప్పే ఒక టీచరమ్మ ఉన్నారు. ఆవిడ కోసం ఊళ్లో కుర్రాళ్లు లెటర్ కోసం నెలన్నర తిరిగారు. “సార్ టూర్‌లో ఉన్నారు” అని పీఏ చెబుతూనే ఉన్నాడు. 2026 పురస్కారాలకు నామినేషన్లు 2025 మార్చి 15నే మొదలయ్యాయి. లెటర్ మాత్రం గడువు ముగిశాక వచ్చింది. లామినేషన్ కూడా చేయించారు పాపం.

గడువు దాటిందని చెప్పాక, వాళ్లు రాసుకున్న కాగితం చూశాను. ‘కరుణామూర్తి’, ‘పేదల పాలిటి పెన్నిధి’, ‘అభినవ మదర్ థెరిసా’. పేజీన్నరలో ఒక్క ఏడాది లేదు, ఒక్క అంకె లేదు. అసలు ప్రాణమంతా నామినేషన్‌లో ఆ మనిషి చేసిన పని గురించి రాసే 800 పదాల సైటేషన్‌లోనే ఉంటుంది. ఆవిడ ఏం చేశారో తెలియకపోతే కమిటీ మాత్రం ఏం చూస్తుంది?

“మీ దగ్గర లెక్కలేమైనా ఉన్నాయా అమ్మా?” అని అడిగాను. ఆవిడ ట్రంకుపెట్టె తీశారు. అట్టలు ఊడిన పొడుగాటి రిజిస్టర్లు. పిల్ల పేరు, ఏ బట్టీ, వచ్చిన రోజు, ఏ తరగతి స్థాయి, తిరిగి ఊరెళ్లిన రోజు. చివరి గడిలో ‘అక్కడ బడిలో చేరిందా?’ అని ఫోన్ చేసి కనుక్కుని పెట్టిన టిక్కులు. ఆ చివరి గడి చాలు నాకు, సైటేషన్‌లో సగం అయిపోయినట్టే. ఎం.వి. ఫౌండేషన్ పని ఏమిటంటే, పనిలో ఉన్న పిల్లల్ని శిబిరాల్లో చదివించి వయసుకు తగ్గ తరగతిలో చేర్చారని ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. దాన్ని నడిపించిన శాంతా సిన్హా గారికి 1998లో పద్మశ్రీ, 2003లో మెగసెసే అవార్డు వచ్చాయి. మీవాళ్ల పనీ అలా ఒక్క ముక్కలో చెప్పగలరేమో చూడండి.

అపోహ: పిల్లల ఫొటోలు, పేర్లు ఎన్ని పెడితే అంత బలం.

వాస్తవం: దయచేసి వద్దు. సంరక్షణ అవసరమైన పిల్లల గుర్తింపు బయటపెట్టకూడదని బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ చెబుతోంది. ‘తొమ్మిదేళ్ల పాప’ అని రాస్తే సరిపోతుంది.

అపోహ: సంస్థ పేరు మీద వేయాలి.

వాస్తవం: పద్మ ఇచ్చేది మనిషికి. పిల్లల సేవకంటూ విడిగా విభాగం లేదు, సాంఘిక సేవ కింద వేయండి. మనుషుల అక్రమ రవాణా బాధితుల కోసం పనిచేసే ‘ప్రజ్వల’ సంస్థ సునీతా కృష్ణన్ గారికి 2016లో ఆ విభాగంలోనే పద్మశ్రీ వచ్చింది.

అపోహ: ముందుగా ఆవిడ చేత ఒప్పుకోలు సంతకం పెట్టించాలి.

వాస్తవం: అలాంటి నిబంధన లేదు. అయినా చెప్పి చేయండి, వివరాలన్నీ ఆవిడ దగ్గరే కదా ఉండేది.

ఇక డబ్బెంత, రైల్లో రాయితీ ఉంటుందా అని అడుగుతారు. రెండూ లేవు. రాష్ట్రపతి సంతకంతో సనదు (ధ్రువపత్రం), పతకం, అంతే. పేరుకు ముందో వెనకో ‘పద్మశ్రీ’ తగిలించుకోకూడదని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. టీచరమ్మకు ఈ సంగతి చెబితే నవ్వారు. టెన్షనంతా కుర్రాళ్లదే, ఫ్లెక్సీ డిజైన్ అప్పటికే చేయించేశారట.