విరేచనాల మాత్రలతో సన్నబడతామా? అపోహలు - వాస్తవాలు

కోనసీమలో ఓపీ చూసే ఫిజీషియన్‌ని. నీరసం, చేతుల తిమ్మిర్లు అంటూ వచ్చే అమ్మాయిల్లో కొందరికి రక్తపరీక్షలో పొటాషియం బాగా పడిపోయి ఉంటుంది. వాంతుల్లేవు, జ్వరం లేదు. తల్లిని కాసేపు బయట కూర్చోమంటే అప్పుడు చెబుతారు, అన్నం తిన్న భయానికి రోజూ విరేచనాల మాత్రలు మింగుతున్నామని.

అపోహ: తిన్నది ఒంటికి పట్టకముందే పోతుంది.

చేను బోదె నీళ్ళు తాగేశాక మురుగు కాలువ తూము ఎత్తితే చేను ఎండుతుందా? ఇదీ అంతే. అన్నంలోని శక్తి చాలావరకు చిన్నపేగులోనే రక్తంలో కలిసిపోతుంది. ఈ మాత్రలు పనిచేసేది ముఖ్యంగా పెద్దపేగు మీద. పోయేది నీళ్ళు, లవణాలు. పొద్దున కాటా మీద తగ్గిన బరువు సాయంత్రానికి మంచినీళ్ళతో తిరిగొస్తుంది.

అపోహ: మానేస్తే ఒళ్ళొచ్చేస్తుంది.

"మానేసి నాలుగు రోజులే, చూడండి" అని ఒకమ్మాయి పాదం ముందుకు పెట్టింది. పట్టీ తీస్తే దాని కింద గాడి. వేలితో నొక్కితే గుంట పడింది. అది కొవ్వు కాదు, నీరు. నెలల తరబడి నీళ్ళు పోతుంటే శరీరం ఆల్డోస్టిరాన్ అనే హార్మోన్ పెంచి ఉప్పునీ నీటినీ పట్టి ఉంచుతుంది. మాత్రలు ఆపినంత మాత్రాన ఆ హార్మోన్ వెంటనే దిగదు. వాపు తీయడానికి కొన్ని వారాలు పట్టొచ్చు. చాలామంది భయపడి మళ్ళీ మొదలెట్టేది ఇక్కడే. అందుకే మానేటప్పుడు డాక్టర్‌కి చెప్పి మానాలి.

అపోహ: ఆకుమందుతో ఏమవుతుంది?

సునాముఖి పొడి అయినా సెన్నా అనే విరేచనాల మాత్ర అయినా ఆకు ఒకటే, చేసే పనీ ఒకటే. ఎప్పుడో ఒకసారి ఆముదం పట్టిన అమ్మమ్మల్ని ఇందులోకి లాగకండి.

అపోహ: కొబ్బరినీళ్ళు తాగితే సరి.

బోండాలకు మనకేం కొదవ! వాటిలో పొటాషియం ఉన్న మాటా నిజమే. రక్తంలో అది లీటరుకు 3.5 మిల్లీమోల్స్ కంటే తక్కువైతే లోటు కింద లెక్క. బాగా పడిపోతే గుండె లయ తప్పుతుంది, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. ఇంకోపక్క నీళ్ళు తగ్గి కిడ్నీలు దెబ్బతింటే అదే పొటాషియం ఎక్కువై ప్రమాదం. రక్తపరీక్ష, ఈసీజీ లేకుండా ఊహతో వైద్యం వద్దు. గుండెదడ, స్పృహ తప్పడం, కాళ్ళు చచ్చుబడటం ఉంటే తెల్లారేదాకా ఆగకండి, 108కి ఫోన్ చేయండి.

అపోహ: తిండికి భయపడి ఇలా మాత్రలు మింగే జబ్బు బక్కచిక్కినవాళ్ళకే.

బరువు మామూలుగా ఉన్నవాళ్ళలోనూ ఉంటుంది. మగపిల్లల్లోనూ. ఇంట్లో మాత్రల అట్టలు దొరికితే తిట్టకండి, సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్ళండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి తెలుగులోనే మాట్లాడొచ్చు.

పట్టీల అమ్మాయి మూడో వారం వచ్చింది. గాడి లేదు. బ్యాగులో ఒక అట్ట ఇంకా దాచుకున్నానంది. అదైనా చెప్పింది, ఆ రోజుకి నాకు చాలనిపించింది.